పాత బేస్ గిటార్‌ను తక్కువ ఖర్చులో మళ్లీ పలికించడం ఎలా

పాత బేస్ గిటార్ ఒకటి చేతికి రాగానే మనసు కొత్త సామాను మీదికి పోతుంది. పికప్‌లు (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చేవి) మార్చేద్దాం, మంచి బ్రిడ్జ్ (తీగల కింది చివర ఆనే లోహపు పలక) వేద్దాం, పెచ్చులూడిన రంగు గీకేసి కొత్తది కొడదాం అనిపిస్తుంది. కాస్త ఆగండి. నా చేతి మీదుగా వెళ్లిన పాత బేస్‌లలో చాలావాటికి ఉన్న జబ్బులు ఇవే: మురికి పట్టిన పాట్‌లు (శబ్దాన్ని, టోన్‌ను తిప్పే గుబ్బల కింది భాగాలు), ఊడిపోయిన ఒక సోల్డర్ అతుకు, వదులైన స్క్రూలు, వంగిన నెక్ (తీగలు నొక్కే పొడవాటి మెడ). వీటికి కావాల్సింది ఓపిక, ఒక మల్టీమీటర్, ఒక సోల్డరింగ్ ఐరన్. సామాను కొనే పని చివర్లో వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. ముందు అదేమిటో గుర్తుపట్టాలి. తర్వాత ఉన్నది ఉన్నట్టుగా పలికించాలి. ఒక నెల వాయించాలి. రంగు సంగతి, కొత్త భాగాల సంగతి ఆ తర్వాత. ఈ వరసను తిరగేసినవాళ్లే ఎక్కువ డబ్బు పోగొట్టుకోవడం చూశాను.

ముట్టుకునే ముందు గుర్తుపట్టండి

హెడ్‌స్టాక్ (బిరడాలుండే నెక్ పై చివర) మీద పేరు చూసి నమ్మకండి. పేరు అతికించడం సులువు. అమెరికా కంపెనీ ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్ 1951లో వచ్చింది, రెండు ముక్కలుగా ఉండే దాని పికప్ 1957 నుంచి. అదే కంపెనీ జాజ్ బేస్ 1960లో వచ్చింది. వాటిని చూసి 1960లలో, 70లలో జపాన్‌లో లెక్కలేనన్ని బేస్‌లు తయారయ్యాయి, వాటిలో చాలావాటి మీద తయారీదారు పేరే ఉండదు. మీ చేతిలో ఉన్నది ఏదో తేలాలంటే నాలుగు స్క్రూలు విప్పి నెక్ మడమ, అంటే బాడీలో కూర్చునే చివర, చూడండి. చాలా బేస్‌లకు అక్కడ పెన్సిల్‌తోనో ముద్రతోనో తేదీ ఉంటుంది.

ఇంకో ఆధారం పాట్‌ల మీద ఉంటుంది. అమెరికాలో తయారైన పాట్ అయితే దాని మీద ఏడంకెల సంఖ్య కనిపించవచ్చు. ఉదాహరణకు 1376632. మొదటి మూడంకెలు తయారీదారువి: 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్. తర్వాతి రెండు సంవత్సరం, చివరి రెండు వారం. అంటే ఇది 1966లో 32వ వారం తయారైన పాట్. పాట్ ఎవరూ మార్చకపోయి ఉంటే గిటార్ అంతకంటే ముందుది కాదు.

ఇదంతా ఎందుకంటే, అది నిజంగా 1960ల నాటి అసలు ఫెండరో గిబ్సనో అయితే ఇక్కడ రాసిన సగం పనులు దానికి చేయకూడదు. శుభ్రం చేయండి, తీగలు మార్చండి, సెట్ చేయండి. అంతే. రంగు జోలికి పోవద్దు, అసలు సోల్డర్ అతుకులను కదిలించవద్దు. అసలు రంగు పోతే విలువ సగానికి పడుతుందని అమ్మేవాళ్ల లెక్క. పేరులేని పాత బేస్ అయితే మీకు స్వేచ్ఛ ఎక్కువ, నేర్చుకోవడానికి అంతకంటే మంచిది లేదు.

విప్పే ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి. ముఖ్యంగా లోపలి వైరింగ్, నాలుగు వైపుల నుంచి. విప్పిన ప్రతి స్క్రూనూ అట్టముక్కకు గుచ్చి పక్కన అది ఎక్కడిదో రాయండి. బ్రిడ్జ్ స్క్రూకూ పిక్‌గార్డ్ స్క్రూకూ పొడవు తేడా ఉంటుంది. పొడవాటి స్క్రూ తప్పుచోట పెడితే చెక్కను చీల్చుకుని అవతలికి వస్తుంది.

నెక్ బాగుందా లేదా

డబ్బు పెట్టాలా వద్దా అన్నది నెక్ తేలుస్తుంది. మిగతావన్నీ మార్చుకోగలిగినవే. నాలుగు తీగల బేస్‌లో మామూలు మందం తీగల లాగుడు అన్నీ కలిపి 80 కిలోలకు దగ్గరగా ఉంటుంది. అంత బరువును యాభై ఏళ్లు మోసిన చెక్క అది.

తీగలు శృతిలో ఉండగానే చూడాలి. ఒక చేత్తో మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర అన్నిటికంటే మందమైన ఇ (E) తీగను నొక్కండి, రెండో చేత్తో నెక్ బాడీని కలిసేచోట ఉన్న ఫ్రెట్ దగ్గర నొక్కండి. ఇప్పుడు ఆ తీగే మీ స్కేలు. ఎనిమిదో ఫ్రెట్ మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎంత సందు ఉందో చూడండి. 0.3 నుంచి 0.35 మిల్లీమీటర్లు, అంటే మందపాటి విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే బాగున్నట్టు. అసలు సందే లేకపోతే నెక్ వెనక్కి వంగింది. వేలు దూరేంత ఉంటే ముందుకు వంగింది. తర్వాత హెడ్‌స్టాక్ వైపు నుంచి నెక్ రెండు అంచుల వెంట ఒక కన్ను మూసి చూడండి. రెండు అంచులూ ఒకేలా కనబడకపోతే నెక్ మెలి తిరిగింది. ముందుకో వెనక్కో వంగిన నెక్‌ను దాని లోపలి ఇనుప కడ్డీ, అంటే ట్రస్ రాడ్, సరిచేస్తుంది. మెలి తిరిగిన నెక్‌ను సరిచేయదు. మెలి ఎక్కువగా ఉంటే ఆ బేస్‌ను కొనకండి, ఇంట్లోదే అయితే మరో నెక్ వెతుక్కోండి.

ట్రస్ రాడ్ తిప్పడం అంటే చాలామందికి టెన్షన్. భయం అక్కర్లేదు కానీ జాగ్రత్త కావాలి. పాత ఫెండర్ తరహా నెక్‌లలో దాని నట్ మడమ వైపు ఉంటుంది, నెక్ విప్పితే తప్ప అందదు. మరికొన్నింటికి హెడ్‌స్టాక్ దగ్గర చిన్న మూత కింద ఉంటుంది. నట్‌కు ఎదురుగా చూస్తూ గడియారం ముల్లు దిశలో తిప్పితే బిగుస్తుంది, నెక్ వెనక్కి వస్తుంది. ఒకసారికి పావు చుట్టు మాత్రమే. తర్వాత మళ్లీ శృతి చేసి, కొన్ని గంటలు వదిలి, అప్పుడు కొలవండి.

నట్ కదలకపోతే బలం వాడవద్దు. తీగలు వదులు చేసి, ముందు దాన్ని విప్పే దిశలో తిప్పి మొత్తం బయటికి తీయండి. మరల్లోని తుప్పును పాత బ్రష్షుతో తుడిచి ఒక చుక్క నూనె వేసి మళ్లీ ఎక్కించండి. సగం నెక్‌లు అక్కడే దారికి వస్తాయి. నట్ చివరిదాకా పోయి ఇక బిగుసుకోవడం లేదంటే లోపల ఒకటి రెండు వాషర్లు వేస్తే మళ్లీ పట్టు దొరుకుతుంది. కొన్ని చవక పాత బేస్‌ల నెక్‌లో ఇనుప పట్టీ ఉంటుంది కానీ దాన్ని తిప్పే వీలు ఉండదు. వాటికి సన్నని తీగలు వేసి లాగుడు తగ్గించడమే దారి.

నెక్ తిన్నగా ఉన్నా తీగలు ఎత్తుగా ఉండి, శాడిళ్లు (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే ముక్కలు) అట్టడుక్కి దింపేసినా లాభం లేకపోతే తప్పు నెక్ కోణంలో ఉంది. నెక్ కూర్చునే గుంటలో బ్రిడ్జ్ వైపు అంచున అర మిల్లీమీటరు మందం అట్టముక్కో పలచని చెక్కముక్కో పెట్టి మళ్లీ బిగించండి. ఇది మోటు పని కాదు, ఫెండర్ ఫ్యాక్టరీలో కూడా ఇలాగే ముక్కలు పెట్టేవారు.

మురికి, తుప్పు, వదులు స్క్రూలు

తీగలన్నీ తీసేశాక శుభ్రం పని. రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డ్ మీద పేరుకున్న జిడ్డును నాఫ్తా (లైటర్లలో పోసే ద్రవం) తడిపిన గుడ్డతో తుడవండి. గిటార్ కోసం అమ్మే లెమన్ ఆయిల్ రెండు చుక్కలు రుద్ది, పది నిమిషాలాగి పొడిగా తుడిచేయండి. మేపుల్ బోర్డు మీద వార్నిష్ ఉంటే తడిగుడ్డ చాలు, నూనె పనికిరాదు. ఫ్రెట్‌లు నల్లబడితే అతి సన్నని స్టీల్ ఊల్‌తో రుద్దవచ్చు కానీ అంతకుముందు పికప్‌లను టేపుతో పూర్తిగా మూసేయండి. ఆ ఇనుప పొడి అయస్కాంతాలకు అతుక్కుందంటే మళ్లీ వదిలించడం కష్టం.

తుప్పు పట్టిన శాడిల్ స్క్రూలకు తుప్పు వదిలించే నూనె ఒక్కో చుక్క వేసి ఒక రాత్రి వదిలేయండి. తొందరపడి తిప్పితే తల అరిగిపోయి అసలుకే మోసం వస్తుంది. క్రోమ్ మీది పైపై తుప్పుకు అల్యూమినియం ఫాయిల్‌ను నీళ్లలో ముంచి రుద్దండి. ఫాయిల్ క్రోమ్ కంటే మెత్తన, కాబట్టి గీతలు పడవు. పూత లేని మామూలు ఇనుప స్క్రూలను వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడిస్తే చాలు. పూత ఉన్నవాటిని వెనిగర్‌లో వేయవద్దు, పూత ఊడుతుంది.

స్ట్రాప్ బటన్ (భుజానికి వేసుకునే పట్టీ తగిలించేది) పట్టు వదిలిందా? రంధ్రంలో చెక్క అరిగిపోయింది. పెద్ద స్క్రూ వేయాలనిపిస్తుంది, వేయకండి. వెదురు పుల్లలు సన్నగా చీల్చి, చెక్క జిగురులో ముంచి, రంధ్రం నిండేలా కూరండి. ఒక రోజు ఆరాక పైకి ఉన్నదాన్ని బ్లేడుతో సమంగా కోసి, సన్నని బిట్‌తో కొత్త రంధ్రం వేసి, పాత స్క్రూకే కొవ్వొత్తి మైనం రాసి తిప్పండి. అది కొత్త చెక్కలోకి దిగినట్టు బిగుసుకుంటుంది. నెక్ స్క్రూలకు మాత్రం పుల్లలు సరిపోవు. అక్కడ గట్టి చెక్కతో చేసిన గుండ్రని పుల్ల, అంటే డోవెల్ ముక్క, జిగురుతో దింపి కొత్తగా రంధ్రం వేయాలి.

శబ్దం రానప్పుడు

ఈ భాగం దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుందాం. పాత బేస్ పలకడం లేదని చెత్తలో వేసే ముందు దానిలో మొత్తం ఎన్ని భాగాలు ఉన్నాయో లెక్కపెట్టండి: ఒకటో రెండో పికప్‌లు, రెండు మూడు పాట్‌లు, ఒక కెపాసిటర్, ఒక జాక్, కొన్ని వైర్లు. ఇంతే. తప్పు వీటిలోనే ఎక్కడో ఉంది.

గరగర శబ్దం వస్తే పాట్‌లో మురికి. పాట్ మీదున్న చిన్న సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ ఒక చిమ్ము కొట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి ముప్పై నలభై సార్లు తిప్పండి. తలుపుల నూనె ఇక్కడ వాడకండి. అది దుమ్మును పట్టుకుని కొన్నాళ్లకు ఇంకా పాడు చేస్తుంది.

శబ్దం వచ్చి పోతుంటే జాక్ చూడండి. ప్లగ్ మొనను పట్టుకునే ఆ వంపు రేకు ఏళ్లతరబడి వాడకంలో బయటికి జరిగిపోతుంది. ప్లగ్ తీసేసి దాన్ని మెల్లగా లోపలికి వంచండి, తగిలేచోటును సన్నని ఉప్పుకాగితంతో ఒకసారి రుద్దండి. కొన్ని నిమిషాల పని.

గుయ్‌మని రొద వస్తే తీగలను ముట్టుకుని వినండి. ముట్టుకోగానే రొద తగ్గితే గ్రౌండ్ వైర్ పనిచేస్తున్నట్టే. ఏ తేడా లేకపోతే బ్రిడ్జ్ కిందికి పోయే గ్రౌండ్ వైర్ ఊడింది. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి ఒక మొన బ్రిడ్జ్‌కు, రెండో మొన జాక్ బయటి రేకుకు తాకించండి, మోగాలి. ముట్టుకుంటే రొద పెరుగుతోందంటే జాక్‌లో రెండు వైర్లు తారుమారయ్యాయి. ఈ పరీక్షలన్నీ ఎర్త్ సరిగ్గా ఉన్న ప్లగ్‌లో పెట్టిన ఆంప్లిఫయర్‌తోనే చేయండి. తీగల మీద చేయి వేసినప్పుడు మీ ఒళ్లు కూడా ఆ సర్క్యూట్‌లో భాగమే.

పికప్ చచ్చిపోయిందని అనుమానం ఉంటే దాని సిగ్నల్ వైరును (గ్రౌండ్ కాని రెండోదాన్ని) పాట్ నుంచి విడదీసి మల్టీమీటర్‌తో కొలవండి. ప్రెసిషన్ తరహా పికప్ 10, 11 కిలో ఓమ్‌ల దగ్గర, జాజ్ తరహాది 7, 8 కిలో ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. మీటర్ ఏమీ చూపకపోతే లోపల తీగ తెగింది. ప్రెసిషన్ పికప్ రెండు ముక్కలూ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక ముక్క తెగితే రెండోదీ మూగబోతుంది. విడివిడిగా కొలవండి. సగం బతికే ఉంటుంది.

తెగింది అనగానే ఆశ వదులుకోకండి. నా దగ్గరికి వచ్చిన 1970ల నాటి పేరులేని జాజ్ తరహా బేస్‌లో నెక్ పికప్ మీటర్‌కు అసలు దొరకలేదు. మూత తీసి, టార్చి ఏటవాలుగా పట్టుకుని, భూతద్దంతో చూశాను. పికప్ చుట్టే రాగి తీగ మందం 0.06 మిల్లీమీటర్లు, తలవెంట్రుక లాంటిది. అది బయటి అంచున చిన్న లోహపు కన్నానికి చేరేచోట, సరిగ్గా రెండు మిల్లీమీటర్ల ముందు తెగి ఉంది. చెమట తేమకు అక్కడ ఆకుపచ్చగా తుప్పు కూడా కట్టింది. తెగిన కొసను సూదితో లేపి, కాయిల్ మీది నుంచి అర చుట్టు విప్పాను. తీగ మీద కంటికి కనబడని పూత ఉంటుంది, అది పోకపోతే సోల్డర్ పట్టదు. 1000 నంబర్ కాగితాన్ని మడిచి, ఊపిరి బిగపట్టి, రెండుసార్లు గీశాను. కన్నంలో ఒక చిన్న సోల్డర్ చుక్క. మీటర్ 7.3 చూపింది. ఆ సాయంత్రం ఆ బేస్ పలికిన మొదటి స్వరం నాకు ఇంకా గుర్తుంది.

బయటి కొస తెగితే ఇలా అతకవచ్చు. లోపల ఎక్కడో తెగితే మళ్లీ చుట్టించాలి. కొత్త పికప్ కొన్నా పాతదాన్ని పారేయవద్దు, ఏ రోజైనా చుట్టించుకోవచ్చు.

సోల్డరింగ్‌కు 40 వాట్ల ఐరన్, రోజిన్ ఉన్న సోల్డర్ తీసుకోండి. అంతకంటే తక్కువ వాట్లది పాట్ వీపు మీద సోల్డర్‌ను సరిగ్గా కరిగించలేదు, మీరు ఎక్కువసేపు తాకించి పాట్‌ను మాడ్చేస్తారు. వీపును ముందు కాస్త గీకి, వేడిని రెండు మూడు సెకన్లు ఇచ్చి, సోల్డర్‌ను ఐరన్‌కు కాదు, లోహానికి తాకించండి. అతుకు మెరుస్తూ పారినట్టు ఉండాలి. బూడిదరంగులో ముద్దగా ఉంటే మళ్లీ వేడిచేయండి. చాలా సోల్డర్‌లలో సీసం ఉంటుంది, కిటికీ తెరిచి పని చేయండి, అయ్యాక చేతులు కడుక్కోండి.

పాట్ నిజంగా అరిగిపోతే 250 కిలో ఓమ్‌ల ఆడియో టేపర్ పాట్ వేయండి. టోన్ కెపాసిటర్ 0.047 మైక్రోఫారడ్. కెపాసిటర్ పాతదైందని మార్చాలని చాలామంది చెబుతారు. టోన్ తిప్పినప్పుడు శబ్దం మారుతుంటే అది బాగానే ఉంది, వదిలేయండి. ఆ డబ్బుతో రాగి ఫాయిల్ కొనండి. పికప్‌లు, పాట్‌లు ఉండే గుంటల లోపల అంచులు ఒకదానిమీదొకటి వచ్చేలా అతికించి, ముక్కల మధ్య సోల్డర్ చుక్కలు పెట్టి, గ్రౌండ్‌కు కలిపితే చుట్టుపక్కల లైట్ల వల్ల వచ్చే చిరచిర చాలావరకు పోతుంది. సింగిల్ కాయిల్ పికప్, అంటే ఒకే తీగచుట్ట ఉన్నది, సహజంగా చేసే రొద మాత్రం దీంతో పోదు. జాజ్ బేస్‌లో రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిస్తే ఆ రొద తనంతట తానే తగ్గుతుంది, రెండు పికప్‌లూ ఒకదానికొకటి ఎదురుగా చుట్టి ఉంటాయి కాబట్టి.

ఫ్రెట్‌లు, నట్, సెట్టింగ్

ఒకేచోట తీగ బర్రుమంటుంటే ఆ తర్వాతి ఫ్రెట్ పైకి లేచిందేమో చూడండి. పాత ప్లాస్టిక్ కార్డు తిన్నని అంచును మూడు ఫ్రెట్‌ల మీద పెట్టి ఊపండి. ఊగితే మధ్యది ఎత్తుగా ఉంది. చాలాసార్లు అది చెక్కలోంచి లేచి ఉంటుంది, అంతే. ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా కొట్టి దింపి, కింద పలచని సూపర్ గ్లూ చిన్న చుక్క పట్టించండి. అన్ని ఫ్రెట్‌లనూ ఒకే మట్టానికి అరగదీయడం, గుండ్రంగా దిద్దడం చేతికి అలవాటు కావాల్సిన పని. మొదటి ప్రయత్నం పేరులేని బేస్ మీదే చేయండి. ట్రస్ రాడ్‌తో నెక్‌ను సమం చేసి, బోర్డు మీద టేపు వేసి, ఫ్రెట్ తలలకు మార్కర్ పూసి, చదునైన పొడవాటి చెక్కకు 400 కాగితం అతికించి రుద్దాలి. మార్కర్ అన్నిటి మీదా కాస్త చెరిగిన క్షణాన ఆపేయాలి. ఇంకొంచెం అనుకుంటే ఫ్రెట్‌లు మిగలవు.

ఇక నట్. ఇక్కడ నట్ అంటే ట్రస్ రాడ్‌ది కాదు, హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే గాట్ల పట్టీ. దాని పరీక్ష తేలిక. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. పలచని కాగితం దూరేంత సందు ఉండాలి. తీగ గాట్లలో ఇరుక్కుని శృతి చేసేటప్పుడు టిక్కుమంటే పెన్సిల్ ముల్లును గాట్లో రుద్దండి.

ఇక సెట్టింగ్. పదిహేడో ఫ్రెట్ దగ్గర ఇ (E) తీగ కింద 2.4 మిల్లీమీటర్లు, అన్నిటికంటే సన్నని జి (G) తీగ కింద 2 మిల్లీమీటర్లు ఉండేలా శాడిళ్లు పెట్టి అక్కడి నుంచి మీ వేళ్లకు తగ్గట్టు సర్దుకోండి. గట్టిగా వాయించేవాళ్లకు ఎత్తు కాస్త ఎక్కువ కావాలి. తర్వాత పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా వేలు తాకించి మీటిన స్వరం), అదే ఫ్రెట్ నొక్కిన స్వరం, రెండూ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువ శృతిలో ఉంటే శాడిల్‌ను వెనక్కి, తక్కువైతే ముందుకు. పికప్‌లు తీగలకు మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగి శృతి సరిగ్గా నిలవదు. చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకున్నప్పుడు మూడు మిల్లీమీటర్ల దూరం ఉండేలా మొదలుపెట్టండి.

ఇక్కడ ఆగి ఒక నెల వాయించండి. ఆ నెలలో ఈ బేస్‌కు నిజంగా ఏం కావాలో మీ చేతులకే తెలుస్తుంది.

రంగు: తీయాలా, ఉంచాలా

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రంగు పోయినచోట్ల కూడా బేస్‌కు ఒక అందం ఉంటుంది, దాన్ని అంత తేలిగ్గా గీకేయకండి. మసకబారిన రంగుకు కార్లకు వాడే పాలిషింగ్ కాంపౌండ్ రెండుసార్లు రుద్దితే ఎంత మారుతుందో చూస్తే నమ్మలేరు. పెచ్చు లేచినచోట సూపర్ గ్లూతో నింపవచ్చు. చుక్క వేసి, ఆరనిచ్చి, మళ్లీ చుక్క, చుట్టూ ఉన్న మట్టం కంటే కాస్త ఎత్తు వచ్చేదాకా. తర్వాత బ్లేడు రెండు చివరలకూ టేపు చుట్టి, మధ్యలో మాత్రమే గీకేలా చేసి, ఆ ఎత్తును దించండి. 1000, 1500, 2000 నంబర్ల కాగితంతో తడిగా రుద్ది పాలిష్ పట్టించండి. వేలు పెట్టి చూస్తే అంచు తగలదు. ఇది పాలియెస్టర్, పాలీయురథేన్ పూతల మీద బాగా కుదురుతుంది.

ఏ పూతో తెలియాలంటే నెక్ గుంటలో ఎవరికీ కనబడనిచోట అసిటోన్ తడిపిన దూది పుల్లతో తాకండి. మెత్తబడి జిగటగా వస్తే నైట్రోసెల్యులోజ్ లక్క. ఏమీ కాకపోతే పాలీ రకం. ఇది నైట్రో అని తేలితే రబ్బరు తొడుగులున్న స్టాండ్ మీద పెట్టకండి, ఆ రబ్బరు లక్కను తినేస్తుంది.

పూర్తిగా తీసి కొత్తగా వేయాలని నిర్ణయించుకుంటే ముందు జాగ్రత్తలు. పాత రంగులో సీసం ఉండవచ్చు, పొడిగా రుద్ది దుమ్ము లేపకండి. రసాయనాల ఆవిరిని ఆపే మాస్క్ కావాలి, గుడ్డ మాస్క్ చాలదు. పాలీ పూతను హీట్ గన్‌తో మెత్తబరచి గీకవచ్చు, గన్‌ను ఒకేచోట నిలపకండి, కింద చెక్క మాడుతుంది. నైట్రో దగ్గర మాత్రం వేడి వద్దు, అంటుకుంటుంది. దానికి రసాయన స్ట్రిప్పరే దారి.

చెక్క బయటపడ్డాక 120 నుంచి 180, 220, 320 వరకు, చెక్క గీతల వెంటే రుద్దండి. అడ్డంగా రుద్దిన గీత అప్పుడు కనబడదు, రంగు వేశాక బయటపడుతుంది. యాష్, మహాగని లాంటి చెక్కల్లో సూక్ష్మ రంధ్రాలుంటాయి కాబట్టి గ్రెయిన్ ఫిల్లర్ నింపాలి. ఆల్డర్‌కు అక్కర్లేదు. నెక్ గుంటలో టేపు వేయండి. అక్కడ రంగు మందం చేరితే నెక్ మళ్లీ పూర్తిగా కూర్చోదు. గుంటలో ఒక కర్రముక్క స్క్రూ చేసి దాన్నే పిడిగా పట్టుకుని స్ప్రే చేస్తే బాడీ మీద వేలిముద్ర పడదు.

స్ప్రే డబ్బాలతో వేస్తే సీలర్ రెండు మూడు పూతలు, రంగు మూడు నాలుగు, పైన పారదర్శక లక్క ఆరు ఎనిమిది. ప్రతిదీ పలచగా. ఒకేసారి తడిసిపోయేలా కొడితే కారుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు లక్క కొట్టవద్దు, తెల్లని మసక కమ్ముకుంటుంది. తర్వాత అసలు పరీక్ష, ఆగడం. లక్క పైకి ఒక రోజులో ఆరినట్టు ఉంటుంది, లోపల పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి, వాసన వస్తుంటే ఇంకా కాలేదు. నేను ఒకసారి వారం తిరక్కుండానే పాలిష్ పట్టి కేసులో పడుకోబెట్టాను. మర్నాడు తీస్తే లోపలి మఖమల్ గుడ్డ నేత మొత్తం బాడీ వెనుక అచ్చుపడి ఉంది. రెండు నెలల పని మళ్లీ మొదటికి వచ్చింది.

ఈ బెడదంతా వద్దనుకుంటే టంగ్ ఆయిల్‌తో పూర్తి చేయండి. గుడ్డతో పూసి, పదిహేను నిమిషాలాగి మిగిలింది తుడిచి, ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ, ఐదారు పూతలు. ఖర్చు తక్కువ, చెక్క చేతికి చెక్కలాగే తగులుతుంది. కానీ ఒక్క మాట మర్చిపోకండి: నూనె తడిసిన గుడ్డలను ముద్దగా చుట్టి పారేయవద్దు. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి పోయే దారి లేక గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. ఆరుబయట విప్పి పరిచి ఆరబెట్టి, అప్పుడు పారేయండి.

కొత్త భాగాలు కొనాలంటే ఏది ముందు

తీగలు. పాత బేస్‌కు ఇంతకంటే పెద్ద మార్పు ఇంత తక్కువ ఖర్చులో దొరకదు. పాత శబ్దం కావాలంటే ఫ్లాట్‌వూండ్ తీగలు (పైన చదునైన లోహపు పట్టీ చుట్టినవి) వేయండి. మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ బేస్ మీద మందపాటి ఫ్లాట్‌వూండ్ తీగలు వేసుకుని, తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జ్ మూత కింద స్పాంజి ముక్క ఉంచేవాడు. ఆ స్పాంజి ముక్క మీరూ ఇప్పుడే బ్రిడ్జ్ పక్కన తీగల కింద దూర్చి వినవచ్చు, పైసా ఖర్చు లేదు. తీగల రకం మారితే లాగుడు మారుతుంది, ట్రస్ రాడ్ మళ్లీ చూసుకోవాలి.

తర్వాత శృతి బిరడాలు, అవీ నిజంగా జారిపోతుంటేనే. ముందు వెనుక స్క్రూలు బిగించి, పళ్ల చక్రాల్లో పాత జిడ్డు తుడిచి చూడండి. కొనాల్సి వస్తే పోస్ట్ రంధ్రం వ్యాసం, స్క్రూ రంధ్రాల దూరం కొలిచి, పాత రంధ్రాల్లోనే కూర్చునేవి తీసుకోండి. వాయించేటప్పుడు హెడ్‌స్టాక్ కిందికి వాలిపోతుంటే తేలికరకం బిరడాలు ఆ బాధను బాగా తగ్గిస్తాయి.

బ్రిడ్జ్ శాడిళ్లు అరిగిపోతే మార్చండి, బరువైన బ్రిడ్జ్ పెడితే శబ్దం ఎంతో మారిపోతుందని మాత్రం ఆశపడకండి. స్క్రూ రంధ్రాల వరస, తీగల మధ్య దూరం సరిపోవాలి. మామూలుగా ఆ దూరం 19 మిల్లీమీటర్లు. పికప్‌లు అన్నిటికంటే చివర. బాడీలో కొత్త గుంట తవ్వాల్సిన ఏ పనీ వద్దు, బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ (పికప్ సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్) కోసమైనా సరే. తవ్విన చెక్క తిరిగి రాదు.

అన్నీ బిగించాక ఒక వారం ఆగి నెక్, తీగల ఎత్తు, పన్నెండో ఫ్రెట్ శృతి మరోసారి చూడండి. కొత్త తీగలకు చెక్క సర్దుకోవడానికి ఆ మాత్రం సమయం కావాలి. తీసేసిన పాత పాట్‌లు, స్క్రూలు, బిరడాలు, చెల్లని పికప్ అన్నీ ఒక కవర్లో వేసి, ఏ తేదీన ఏది మార్చారో చీటీ రాసి, గిటార్ కేసు జేబులో పెట్టండి.